మచ్చ ఉన్న రవ్వ కొనాలా, వదిలేయాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి గాంధీ రోడ్డులోనో, చిత్తూరు బజారు వీధిలోనో నగల షాపులో కూర్చున్నారు. వజ్రపు రవ్వల కమ్మలు నచ్చాయి, ధర కూడా ఓ దారికొచ్చింది. అంతలో షాపాయన లూప్ (రాయిని పెద్దగా చూపించే చిన్న అద్దం) చేతికిస్తాడు, లేదా సర్టిఫికెట్ మీద ఎర్ర గీతలేవో కంటపడతాయి. అక్కడి నుంచి టెన్షన్ మొదలు. పెళ్లి ముహూర్తాలు దగ్గరపడినప్పుడు ఎక్కువగా వినిపించే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

లోపల మచ్చ ఉందంటే నాసిరకం రాయి అన్నట్టేనా?

కాదు. వజ్రం పుట్టేది భూమిలో 150 కిలోమీటర్లకు పైగా లోతున, విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో. పెరిగేటప్పుడు పక్కనున్న ఖనిజాల తునకలు లోపల చిక్కుకుపోతాయి. ఒత్తిడికి సన్నని పగుళ్లు పడతాయి. ఏ మచ్చా లేని రాయి ఉండదని కాదు, ఉంటుంది. కానీ దాని ధర మామూలు ఇళ్ల పెళ్లి బడ్జెట్‌కు అందదు.

లోపలి శుభ్రత కొలవడానికి జీఐఏ అనే అమెరికా వజ్రాల ల్యాబ్ పెట్టిన స్కేలునే దాదాపు అందరూ వాడుతున్నారు. అందులో మచ్చ లేనిదాన్నుంచి కిందికి 11 మెట్లు ఉన్నాయి: ఎఫ్‌ఎల్, ఐఎఫ్, వీవీఎస్1, వీవీఎస్2, వీఎస్1, వీఎస్2, ఎస్‌ఐ1, ఎస్‌ఐ2, చివర్న ఐ1, ఐ2, ఐ3. పది రెట్లు పెద్దగా చూపించే అద్దం కింద చూసి ఈ గ్రేడు ఇస్తారు. అంటే వీఎస్2 రాయిని లూప్‌లో పెట్టి చూస్తే ఏదో ఒకటి కనిపిస్తుంది, కనిపించాలి కూడా. అందుకు కంగారు పడనక్కర్లేదు. ఆ మచ్చ మామూలు కంటికి తెలుస్తోందా, రాయి గట్టిదనాన్ని దెబ్బతీస్తోందా, దానికి తగ్గట్టు ధర తగ్గిందా, ఇవి చూసుకుంటే చాలు.

ఒక మాట చెప్పాలి. మన వైపు షాపుల్లో ఎవరిని కదిపినా 'ఈఎఫ్ వీవీఎస్' అనే మాట మంత్రంలా వినిపిస్తుంది. ఈ, ఎఫ్ అనేవి రంగు గ్రేడ్లు, వీవీఎస్ లోపలి శుభ్రత గ్రేడు. ఏడు రాళ్ల కమ్మల్లో ఒక్కో రవ్వ మూడు నాలుగు సెంట్లే ఉందనుకోండి (వంద సెంట్లు ఒక క్యారెట్). అంత చిన్న రాయిలో వీవీఎస్‌కీ వీఎస్‌కీ తేడా పెట్టుకున్న మనిషికీ తెలియదు, ఎదురుగా కూర్చున్న వదినగారికీ తెలియదు. బిల్లులో మాత్రం బాగా తెలుస్తుంది.

మరి ఏ మచ్చకు భయపడాలి?

ముందు పగుళ్ల సంగతి. సర్టిఫికెట్‌లో వీటిని ఫెదర్ అని రాస్తారు. లోపలే పుట్టి లోపలే ఆగిపోయిన చిన్న ఫెదర్‌తో ఏ బాధా లేదు, ఏళ్ల తరబడి పెట్టుకున్నా అలాగే ఉంటుంది. భయమంతా పైకి తేలిన ఫెదర్‌తోనే. అందులోనూ గర్డిల్ దగ్గర, అంటే రాయి నడుము అంచున ఉన్నదానితో. గీతలు పడకుండా నిలబడటంలో వజ్రాన్ని మించిన రాయి లేదు, నిజమే. కానీ కొన్ని దిశల్లో తేలిగ్గా చీలిపోయే గుణం కూడా దానికి పుట్టుకతోనే ఉంది. ఆ దిశలో దెబ్బ తగిలితే అంచు లేచిపోతుంది. అక్కడ ముందే పగులుంటే చిన్న దెబ్బ చాలు. పియర్, మార్కీజ్, ప్రిన్సెస్ లాంటి కోసు కటింగుల్లో ఆ కోసు దగ్గరే ఫెదర్ కనిపిస్తే నేనైతే ధర అడగకుండానే ట్రేలో వెనక్కి పెట్టేస్తాను.

తర్వాత క్లౌడ్. సూదిమొనంత చుక్కలు ఒకచోట గుంపు కడితే అలా అంటారు. చిన్నదైతే పట్టించుకోనక్కర్లేదు. పెద్దగా పరుచుకుంటే మాత్రం రాయంతా తెల్లగా మసకబారుతుంది. దీంతో వచ్చిన చిక్కేమిటంటే, లూప్‌లో భయపెట్టేది ఏదీ కనిపించదు. "చూడండమ్మా, నల్లచుక్క ఒక్కటైనా ఉందా?" అంటాడు షాపాయన. అదీ నిజమే. ఉండనిదల్లా మెరుపు. జనం ఎక్కువగా దెబ్బతినేది పగుళ్ల దగ్గర కాదు, ఇక్కడ.

నల్లచుక్కది ఇంకో లెక్క. అదే చుక్క అంచున ఉంటే రాయిని పట్టుకునే కొక్కెం కింద దాగిపోతుంది, ఎవరికీ కనపడదు. పై పలక కింద, నట్టనడుమ, కాస్త లోతుగా ఉంటే మాత్రం కింది ముఖాల్లో దాని నీడలు పడతాయి. తిరుమల గుడిలోని అద్దాల మండపంలో ఒక్క దీపం పదిగా కనిపించినట్టు, ఒక్క చుక్క చుట్టూ ఆరేడు చుక్కలు పుడతాయి. ఇలాంటి రాయికి ఎస్‌ఐ1 గ్రేడు వచ్చినా సరే, కంటికి ఎస్‌ఐ2 కన్నా హీనంగా ఉండొచ్చు.

కావిటీ అని రాసి ఉంటే పైముఖం మీద చిన్న గుంట ఉందన్నమాట. రోజూ పెట్టుకునే నగలో అయితే నూనె, పసుపు, సబ్బు జిడ్డు అందులో చేరి నల్లబడుతుంది. పిన్‌పాయింట్, నీడిల్, ట్విన్నింగ్ విస్ప్ అనే పేర్లు చూసి మాత్రం నిద్ర పాడుచేసుకోకండి.

లూప్ చేతికిస్తారు, అందులో ఏం చూడాలో తెలియడం లేదు.

చాలామంది లూప్‌ను రాయి మీద పెట్టి తల వెనక్కి లాగి చూస్తారు. అలా చూస్తే ఏమీ కనిపించదు. లూప్‌ను కంటికి ఆనించినంత దగ్గర పెట్టుకోవాలి, కళ్లద్దాలుంటే వాటికి ఆనించాలి. రాయిని అంగుళం దూరంలోకి తెచ్చుకోవాలి. రెండో కన్ను మూయకండి, తొందరగా అలిసిపోతారు. లూప్ పట్టిన చేతిని చెంపకు, రాయి పట్టిన చేతిని ఆ చేతికి ఆనిస్తే వణుకు ఆగుతుంది.

ముందు రాయిని మెత్తటి గుడ్డతో తుడవమనండి. తుడిచాక చోటు మారిన మచ్చ మచ్చ కాదు, దుమ్ము. తర్వాత రాయిని మెల్లగా అటూ ఇటూ వంచుతూ చూడండి. ఫెదర్ అయితే ఒక వాటంలో తళుక్కున తెల్లగా వెలిగి, కాస్త వంచగానే మాయమవుతుంది. లోపల చిక్కుకున్న క్రిస్టల్ ఎటు తిప్పినా అక్కడే ఉంటుంది. వెలిగి మాయమైన ఆ గీత ఎక్కడి దాకా పోయిందో తెలియాలంటే రాయిని పక్కకు తిప్పి నడుము చుట్టూరా ఒకసారి చూడాలి. పైనుంచి చూసి ఊరుకునేవాళ్లే ఎక్కువ, అసలు సంగతి తేలేది మాత్రం పక్కనుంచి చూసినప్పుడే.

అదయ్యాక లూప్ పక్కన పెట్టి, పేపరు చదివే దూరంలో మామూలు కంటితో చూడండి. ఇక్కడొక ఇబ్బంది ఉంది. మచ్చ ఎక్కడుందో ఒకసారి తెలిస్తే కన్ను తిన్నగా అక్కడికే పోతుంది. అందుకని వెంట వచ్చిన చెల్లెలికో బావగారికో ఏమీ చెప్పకుండా రాయి చేతికివ్వండి. వాళ్లు మచ్చ పట్టుకోలేకపోతే పెళ్లికొచ్చిన చుట్టాలూ పట్టుకోలేరు.

షాపులో ధగధగలాడింది, గుమ్మం దాటితే అంత లేదు. ఎందుకని?

పైనుంచి పడే ఆ చిన్న చిన్న లైట్ల కింద గాజు ముక్కయినా మెరుస్తుంది. షాపుల్లో వాటిని పెట్టేదే అందుకు. క్లౌడ్ ఉన్న రాయి వాటి కింద తప్పించుకుంటుంది, మామూలు వెలుతురులో దొరికిపోతుంది. కాబట్టి రాయిని తలుపు దాకా తీసుకెళ్లి నీడపట్టున చూస్తామని అడగండి. నడి ఎండలో వద్దు, ఎండలో మెరుపు కళ్లు చెదరగొట్టి ఏమీ తెలియనివ్వదు. షాపువాళ్లు ఒక మనిషిని వెంట పంపుతారు, అందులో తప్పుపట్టేదేమీ లేదు. తెల్ల కాగితాన్ని మధ్యకు మడిచి ఆ మడతలో రాయిని బోర్లా పెట్టి పక్కనుంచి చూస్తే మసకా, పసుపు జీరా రెండూ బయటపడతాయి.

సర్టిఫికెట్‌లో ఫ్లోరోసెన్స్ (అల్ట్రావయొలెట్ కాంతి పడితే రాయి వెలిగే గుణం) 'స్ట్రాంగ్' అని ఉంటే ఈ పరీక్ష తప్పనిసరి. అలాంటి రాళ్లలో కొన్ని పగటి వెలుతురులో మబ్బుగా కనిపిస్తాయి. అన్నీ కాదు.

గుమ్మం దాకా కూడా రానివ్వమంటే లేచి వచ్చేయండి.

సర్టిఫికెట్‌లో బొమ్మ మీద ఎర్ర గీతలు, పచ్చ గీతలు ఉన్నాయి. ఎర్రవి ప్రమాదమా?

రంగును బట్టి ప్రమాదం కాదు. ఎర్రది లోపలి లక్షణం, పచ్చది పైముఖం మీది లక్షణం, అంతే. బొమ్మ పక్కన గుర్తుల జాబితా ఉంటుంది, జీఐఏ రిపోర్టులో మొదట రాసినదే సాధారణంగా గ్రేడును తేల్చిన మచ్చ. మొదటి పేరు క్రిస్టల్ అయితే ఒక రకం, ఫెదర్ అయితే ఇంకో రకంగా ఆలోచించాలి. చిన్న రాళ్లకిచ్చే డోసియర్ అనే రిపోర్టులో బొమ్మ ఉండదు, పేర్లు మాత్రమే ఉంటాయి.

బొమ్మ కన్నా కింద చిన్న అక్షరాల్లో ఉండే కామెంట్స్ చదవండి. అదనపు క్లౌడ్స్ బొమ్మలో చూపలేదని ఉంటే చాలావరకు మామూలే. అసలు గ్రేడే బొమ్మలో చూపని క్లౌడ్స్ వల్ల వచ్చిందని ఉంటే, అదీ ఎస్‌ఐ2 రాయికి ఉంటే, ఆ రాయిని పగటి వెలుతురులో చూడకుండా ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వకండి.

రిపోర్టు నంబరును ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడటం రెండు నిమిషాల పని. షాపులో కూర్చునే ఫోన్‌లో చూసుకోవచ్చు. చాలా రాళ్లకు ఆ నంబరును గర్డిల్ మీద లేజర్‌తో చెక్కుతారు. లూప్‌లో అది చూపించమనండి. ఇంకో సంగతి, 'ఎస్‌ఐ3' అనే గ్రేడు ఎవరైనా చూపిస్తే జీఐఏ స్కేలులో అలాంటి మెట్టే లేదని గుర్తుంచుకోండి.

కమ్మలు తయారైపోయాయి, పద్నాలుగు రాళ్లకీ కలిపి ఒకటే సర్టిఫికెట్ ఇస్తున్నారు. నమ్మొచ్చా?

చిన్న రవ్వలకు విడివిడిగా సర్టిఫికెట్ ఉండదు, ఎవరూ ఇవ్వరు. మొత్తం బరువు, రాళ్ల లెక్క, ఉజ్జాయింపు గ్రేడు రాస్తారు. బంగారంలో బిగించాక రాయి అంచులు, అడుగు సరిగా కనపడవు కాబట్టి ల్యాబ్ చెప్పేది కూడా ఆ మేరకే. జీఐఏ అయితే గ్రేడింగ్ రిపోర్టును విడి రాయికే ఇస్తుంది.

మన పాత పద్ధతి క్లోజ్డ్ సెట్టింగ్ కమ్మల్లో ఇంకా కష్టం, వెనకంతా బంగారంతో మూసేస్తారు. పగులున్న రాయి దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. అలాగని క్లోజ్డ్ అంతా మోసం అనడం లేదు, ఆ అందమే వేరు. ఆర్డరిచ్చి చేయించుకునేటట్లయితే బిగించక ముందు రాళ్లు కాగితం పొట్లంలో ఉండగానే చూపించమనండి. పద్నాలుగూ తెల్ల కాగితం మీద వరసగా పేరిస్తే మసకరాయి ఒక్కటున్నా చప్పున తెలిసిపోతుంది.

ఒకే రాయి నచ్చింది, చిన్న ఫెదర్ ఉంది. ఉంగరంలో పెట్టించాలా, ముక్కుపుడకలోనా?

ముక్కుపుడక, కమ్మలు, లాకెట్‌లో పెట్టించండి. వాటికి దెబ్బలు తక్కువ. ఉంగరం చెయ్యి ఎక్కడికి పోతే అక్కడికి పోతుంది: గ్రైండర్ గిన్నెకు తగులుతుంది, బస్సు రాడ్‌కు తగులుతుంది, బీరువా తలుపుకు తగులుతుంది. ఉంగరమే కావాలంటే రాయి చుట్టూ బంగారు పట్టీ వచ్చే బెజెల్ సెట్టింగ్ అడగండి. సైజు పెంచడానికో కొక్కెం సరిచేయడానికో ఇచ్చినప్పుడు లోపల ఫెదర్ ఉందని ఆచారికి ముందే చెప్పండి. మంట తగిలినా, అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వేసి కడిగినా పగులు పెరిగే ప్రమాదం ఉంది.

మచ్చ ఉన్న రవ్వ ఇంటికి అచ్చిరాదని మా అత్తగారు అంటున్నారు. నిజమా?

అత్తగారు ఊరికే అనలేదు. పాత రత్నశాస్త్రాలు వజ్రానికి బిందువు, రేఖ, యవ, మలం, కాకపదం అని అయిదు దోషాలు చెప్పాయి. ఇవాళ ల్యాబులు పట్టిక వేసి చెబుతున్న చుక్కలు, గీతలు, మసకలే అప్పటివాళ్ల కంటికీ ఆనాయి. దోషం ఉన్న రాయి కీడు చేస్తుందన్నది నమ్మకం, దాన్ని నేను తేల్చలేను. దోషం ఉన్న రాయికి విలువ తక్కువన్నది మాత్రం అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే.

ఒక్క సలహా. ఇంట్లో పెద్దవాళ్లకు మనసు ఒప్పకపోతే ఆ రాయి కొనకండి. రేపు ఎవరికి జ్వరం వచ్చినా నింద దాని మీదికే పోతుంది, ఆ నగ బీరువాలోంచి బయటికి రాదు. కొందరు రవ్వను మూడు రోజులు పూజగదిలో పెట్టుకుని చూసి కొంటారు, తెలిసిన షాపులు ఒప్పుకుంటాయి కూడా. మంచి అలవాటే. ఆ మూడు రోజుల్లో ఇంకో తెలిసిన ఆచారికి చూపించి రండి.

మచ్చ ఉంది కాబట్టి ఎంత తగ్గించమని అడగాలి?

ఇంత శాతం అని చెప్పే సూత్రం లేదు. అదే బరువు, అదే రంగు, అదే కటింగ్ ఉండి ఒక మెట్టు పైగ్రేడున్న రాయి ధర అడగండి, ఇంకో షాపులోనూ అడగండి. రెండిటి మధ్య తేడా ఎంతో, మీ మచ్చ ఖరీదు అంత. తేడా నామమాత్రంగా ఉంటే పై రాయే తీసుకోండి.

ధర క్యారెట్ లెక్కన చెబుతారు. క్యారెట్ లక్ష అనుకుంటే 35 సెంట్ల రాయి 35 వేలు. అర క్యారెట్, ఒక క్యారెట్ దాటే చోట క్యారెట్ రేటే పెరుగుతుంది. అందువల్ల మచ్చలున్న 50 సెంట్ల రాయి కన్నా శుభ్రమైన 46 సెంట్ల రాయి చవగ్గా రావచ్చు, చూపుకు రెండూ ఒకటే సైజు. కటింగ్ మీద పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు. కటింగ్ బాగుంటే ఆ మెరుపులో చిన్న మచ్చలు కలిసిపోతాయి.

నేను ఎప్పుడూ అడగమని చెప్పే ప్రశ్న వేరే ఉంది: "అన్నా, ఇదే రాయిని రెండేళ్ల తర్వాత నేనే తెస్తే ఎంతకు తీసుకుంటారు?" కొనేటప్పుడు 'ఏం కాదమ్మా, పుట్టుమచ్చ' అన్న ఫెదర్, తిరిగి తెచ్చినప్పుడు 'అబ్బే, పగుళ్ల రాయి కదా' అయిపోతుంది. ఎక్స్ఛేంజ్‌కు ఎంత, డబ్బు వాపసుకు ఎంత, విడివిడిగా బిల్లు వెనకాల రాయించి సంతకం పెట్టించండి. తయారీ కూలి, 3 శాతం జీఎస్టీ ఎలాగూ తిరిగి రావు. రాసివ్వడానికి వెనకాడితే మీ జవాబు మీకు దొరికినట్టే.

పగులు నింపిన రాళ్లుంటాయట. ఎలా పట్టుకోవాలి?

ఉంటాయి. పైకి తేలిన పగుల్లోకి గాజులాంటి పదార్థాన్ని ఎక్కిస్తే పగులు కంటికి కనపడదు. లూప్ కింద రాయిని మెల్లగా ఊపితే ఆ చోట నారింజ, నీలం రంగు మెరుపు తటాలున పుట్టి మారుతుంది. మామూలు రాయి విసిరే రంగుల్లా ముఖం ముఖానికీ కాకుండా ఒకే గీత వెంట వస్తుంది. ఆచారి మంట తగిలితే ఆ పదార్థం పాడైపోయి పగులు మళ్లీ బయటపడుతుంది. ఇలాంటి రాళ్లకు జీఐఏ గ్రేడింగ్ రిపోర్టు ఇవ్వదు. 'సర్టిఫికెట్ ఎందుకమ్మా, నా మాట చాలదా' అన్న చోట దీన్ని గుర్తుచేసుకోండి.

లేజర్‌తో సన్నని దారి తొలిచి నల్లచుక్కను యాసిడ్‌తో తెలుపు చేయడం ఇంకో పద్ధతి. పక్కనుంచి చూస్తే వెంట్రుకలాంటి గొట్టం పైముఖం దాకా కనిపిస్తుంది. ఇది చెదిరిపోయేది కాదు, రిపోర్టులోనూ రాస్తారు. కానీ చెప్పి అమ్మాలి, ధర తగ్గించి అమ్మాలి.

మళ్లీ కోయిస్తే మచ్చ పోతుందా?

అంచున ఉంటే పోవచ్చు, బరువూ పోతుంది. మన కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే కోహినూర్‌నే తీసుకోండి. 1852లో లండన్‌లో తిరిగి కోసినప్పుడు 186 పాత క్యారెట్ల (ఇప్పటి లెక్కలో 191) రాయి 105.6 క్యారెట్లకు దిగింది, లోపలి దోషాలు తీసేయడం కూడా అందుకు ఒక కారణం. రాణిగారి రాయి కాబట్టి చెల్లింది. మీ 40 సెంట్ల రాయిని సూరత్ పంపి కోయిస్తే కూలి, తరుగు కలిపి అసలుకే మోసం వస్తుంది. ఉన్నదున్నట్టు మార్చుకోవడమే నయం.

ల్యాబ్‌లో పెంచిన వజ్రాల్లోనూ మచ్చలుంటాయా?

ఉంటాయి. హెచ్‌పీహెచ్‌టీ పద్ధతిలో (విపరీతమైన ఒత్తిడి, వేడి పెట్టి) పెంచినవాటిలో లోహపు తునకలు, సీవీడీలో (వాయువు నుంచి పొరలు పొరలుగా పెంచేది) నల్లని కార్బన్ చుక్కలు. కానీ అక్కడ శుభ్రమైన రాయే చవగ్గా వస్తోంది, మచ్చ ఉన్నది కొనాల్సిన అవసరమే లేదు. లోపల మచ్చ ఉంది కాబట్టి ఇది గనిలోదే అని ఎవరైనా వాదిస్తే నమ్మకండి. షాపులో 'పీ' మని మోగే టెస్టర్ కూడా ల్యాబ్ వజ్రాన్ని వజ్రమనే చెబుతుంది, ఎందుకంటే అదీ వజ్రమే. గనిలోదా ల్యాబ్‌లో పెంచినదా అన్నది తేల్చాల్సింది రాళ్లను పరీక్షించే ల్యాబే. మనకు దగ్గర్లో చెన్నై, బెంగళూరుల్లో ఐజీఐ ల్యాబులున్నాయి.

మా అమ్మమ్మ కమ్మల్లో ఒక రవ్వ నల్లబడింది. మచ్చ పెరుగుతుందా?

లోపలి మచ్చ దానంతటది పెరగదు. పాత కమ్మల్లో నల్లదనం తొంభై పాళ్లు జిడ్డే: శుక్రవారం తలంటు నూనె, సున్నిపిండి, పసుపు ఏళ్ల తరబడి వెనకాల చేరి గట్టిపడతాయి. సబ్బు నీళ్లలో నానబెడదామని మాత్రం తొందరపడకండి. పాత క్లోజ్డ్ సెట్టింగుల్లో రాయి కింద రేకు పెట్టడం, లక్క నింపడం ఉండేది. నీళ్లు లోపలికి పోతే ఉన్న మెరుపు కూడా పోతుంది. నమ్మకమైన ఆచారి దగ్గర, మీరు ఎదురుగా కూర్చుని, రాయి విప్పించి చూడండి. ఎప్పుడో కింద పడి అంచు పగిలిందేమో కూడా అప్పుడే తెలుస్తుంది. విప్పక ముందు ఒక ఫోటో తీసుకోండి.

నగ మీద హాల్‌మార్క్ ఉంది కదా, ఇంకేం భయం?

బీఐఎస్ హాల్‌మార్క్, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (నగ గుర్తింపు కోడ్) బంగారానికి సంబంధించినవి. రాయి గురించి అవి ఒక్క మాట కూడా చెప్పవు. ఆ ముద్ర చూపించి వజ్రం కూడా గ్యారంటీ అంటే అది మాయమాట. బిల్లులో బంగారం నికర బరువు, రాళ్ల క్యారెట్ బరువు వేర్వేరుగా ఉండాలి. అయిదు క్యారెట్లు ఒక గ్రాము. రాళ్ల బరువుకు బంగారం రేటు వేయకుండా చూసుకోండి.

కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో దొరికిన రాయంటూ ఒకాయన తక్కువకు ఇస్తానంటున్నాడు.

తొలకరి పడగానే అక్కడ జనం రాళ్లు వెతుకుతారు, కొందరికి దొరుకుతాయి, అది నిజం. కానీ కోయని రాయి పైపొర గరుకుగా ఉంటుంది, లోపలి పగుళ్లు కనపడవు. రాళ్లు కోసేవాళ్లే ఒక మూల కాస్త సానబట్టి కిటికీలా తెరిచి లోపలికి చూస్తారు. ఆ పైన కోతలో సగానికి పైగా పోవచ్చు. పైగా తిరుపతి బస్టాండు దాకా నడిచొచ్చిన రాయి నిజంగా జొన్నగిరిదే అనడానికి ఆయన మాట తప్ప ఆధారం లేదు. వద్దు.

చెన్నై వెళ్లి కొంటే మంచి రాయి దొరుకుతుందా?

టి.నగర్, షావుకారుపేటల్లో ఎంచుకోవడానికి ఎక్కువ రాళ్లుంటాయి. మచ్చలు అక్కడా ఉంటాయి. ఒకే విడి రాయి, అర క్యారెట్ పైబడినది కొంటుంటే ప్రయాణం దండగ కాదు. చిన్న రవ్వల కమ్మలకైతే కొక్కెం వదులైనా, రాయి రాలినా మళ్లీ ఎక్కేది ఏ షాపు మెట్లో ఆలోచించుకోండి.

కొన్నాక పగులు బయటపడింది. ఇప్పుడేం చేయాలి?

ముందు నగను ఇంకెవరి చేతా రిపేరు చేయించకండి. ఎవరైనా ముట్టుకుంటే పగులు వాళ్ల వల్లే వచ్చిందంటారు. లూప్ మీద ఫోన్ కెమెరా పెట్టి ఫోటో తీసుకోండి. స్పష్టంగా రాకపోయినా తేదీ ఉంటుంది. బిల్లు, సర్టిఫికెట్ పట్టుకుని షాపుకెళ్లి మర్యాదగానే అడగండి. చాలావరకు అక్కడే తేలిపోతుంది, ఊళ్లో పేరు ఎవరికైనా ముఖ్యమే. తేలకపోతే ల్యాబ్‌కు పంపి రిపోర్టు తెప్పించుకోండి. బిల్లులో వీవీఎస్ అని ఉండి ల్యాబ్ ఎస్‌ఐ అంటే అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. బిల్లులో ఉత్త 'డైమండ్ కమ్మలు' అని రాయించుకుని ఉంటే మాత్రం వాదన కష్టమవుతుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది, లాయరు లేకుండా మీరే వేసుకోవచ్చు.